రెండో పియానో

“కదలకు. ఇంకొక్క హుక్కే” అంది అక్క, చెల్లెలి వీపు మీద ఎడమ చేత్తో కుస్తీ పడుతూ. కుడి మణికట్టుకు దట్టంగా కట్టు ఉంది. చెల్లెలికి తొడుగుతున్నది ఈ కచేరీ కోసం అక్క కొత్తగా కుట్టించిన నల్ల గౌను. “ఇరవై నిమిషాలుంది. ఊపిరి పీల్చడం మాత్రం మర్చిపోకు.”

“నా వల్ల కాదక్కా.” చెల్లెలు తలెత్తి, తనకంటే జానెడు పొడుగున్న అక్క ముఖంలోకి చూసింది. “రెండువేల మందీ నీకోసమే వచ్చారు. నన్ను చూడగానే లేచి వెళ్లిపోతారు.”

“వెళ్తే వెళ్లనీ. ఖాళీ కుర్చీలు దగ్గవు, తుమ్మవు. హాయి.”

చెల్లెలికి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. పద్దెనిమిదేళ్లుగా అక్క దేశదేశాల్లో పియానో కచేరీలు చేస్తోంది. ఇంట్లో చెల్లెలు రెండో పియానో దగ్గర కూర్చుని, వాద్యబృందం వాయించాల్సినదంతా తానొక్కతే వాయిస్తూ అక్క చేత సాధన చేయించేది. వేదికకు మాత్రం ఆమడ దూరం. పదహారేళ్ల వయసులో ఒక పోటీలో, మూడో నిమిషంలో, వాయించాల్సింది మరిచిపోయి లేచి పరుగెత్తుకొచ్చేసింది. ఆ తర్వాత మళ్లీ జనం ముందు పియానో ముట్టలేదు. ఇవాళ మధ్యాహ్నం అక్క హోటల్ బాత్రూంలో జారిపడి చెయ్యి బెణికించుకుని, తాపీగా “నువ్వు వాయించు” అనేసింది. వాయించకపోతే కచేరీ రద్దు. వేదిక ఎక్కి మళ్లీ పారిపోయి వస్తే తన పరువే కాదు, అక్క పేరు కూడా మట్టిలో కలిసినట్టే.

“ఇది నీకు కొట్టిన పిండి” అంది అక్క. “మూడు నెలలుగా నువ్వేగా వాయిస్తున్నావు!”

అదీ నిజమే. మూడు నెలల కిందట అక్కకు కొత్త పిచ్చి పట్టుకుంది. “ఈసారి వేళ్లకి సెలవు. బుర్రలోనే సాధన చేస్తా. నా భాగం నువ్వు వాయించు, నేను వింటా” అంది. వినడమేనా! పక్కన కూర్చుని వయొలిన్లు, బాకాలు, డోళ్లు అన్నీ నోటితోనే పలికించేది. అరవై మంది పని, ఒక్క నోరు. ఎక్కడైనా తప్పు దొర్లితే “మళ్లీ!” అని ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఒకసారి పక్కింటావిడ వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగి వెళ్లింది.

తలుపు తట్టి హాలు మేనేజరు తొంగిచూశాడు. ముఖమంతా చెమటలు. “అమ్మా, జనానికి చెప్పేశాను. పదిమంది లేచి వెళ్లారు. మిగతావాళ్లు గొణుక్కుంటూ కూర్చున్నారు. డాక్టరుని పిలుస్తానంటే వద్దంటారేమిటండీ?”

“బెణుక్కి డాక్టరెందుకండీ? ముందు దీన్ని తీసుకెళ్లండి, కిటికీలోంచి దూకేలా ఉంది.”

వేదిక మీద వెలుగుకు చెల్లెలి కళ్లు చెదిరాయి. మొక్కుబడిగా నాలుగు చప్పట్లు వినిపించాయి. పియానో ముందు కూర్చుంది. వాద్యబృందాన్ని నడిపించే ముసలాయన చిన్న కర్ర పైకెత్తి, సిద్ధమా అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆమె తలూపింది. వయొలిన్లు మొదలయ్యాయి.

వెంటనే ఆమెకు నవ్వొచ్చింది. అచ్చం అక్క నోటితో పలికించినట్టే ఉన్నాయి! డోళ్ల వంతు వచ్చేసరికి, అక్క బుగ్గలు ఉబ్బించి డుబుడుబులాడడం కళ్లముందు మెదిలింది. భయం ఎటు పోయిందో పోయింది. తన వంతు రాగానే చేతులు వాటంతటవే పియానో మెట్ల మీదికి దూకాయి. మూడో నిమిషం వచ్చిందీ పోయిందీ ఆమెకు తెలియనే లేదు. ఆఖరి భాగంలో ముసలాయనే ఆమె వేగాన్ని అందుకోలేక కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. చివరి స్వరం ఆగీ ఆగకముందే హాలు దద్దరిల్లింది. రెండువేల మంది లేచి నిలబడ్డారు, వెళ్లిపోవడానికి కాదు.

నాలుగుసార్లు వెనక్కి పిలిచి మరీ చప్పట్లు కొట్టారు. చెల్లెలు చంకలో పూలగుత్తితో, రెండు చేతులా గౌను ఎత్తిపట్టుకుని గదిలోకి పరుగెత్తింది.

“అక్కా! విన్నావా?”

“తెర చాటునుంచి అంతా విన్నా. రెండో భాగంలో తొందరపడ్డావు.” అక్క కళ్లు తడిగా ఉన్నాయి. ఎడమ చేత్తో దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దుపెట్టింది. “వచ్చే నెల నుంచి పదకొండు ఊళ్లు. అన్నింటికీ నువ్వే.”

చెల్లెలు ఆగింది. బెణుకు వారంలో తగ్గేదే, వచ్చే నెలకి తనెందుకు? కిందికి చూసుకుంది. గౌను అంచు సరిగ్గా తన మడమల దగ్గర ఆగి ఉంది.

“ఇది నీ గౌను కాదు! నా కొలతలకి కుట్టించావు!”

అక్క దిక్కులు చూసింది.

“బాత్రూంలో పడనూ లేదు!”

“పడలేదు.”

“బెణుకూ లేదు!”

“లేదే తల్లీ, లేదు. చిన్న నాటకం ఆడాను. నిన్ను వేదికెక్కించడానికి నాకు ఇంకో దారి దొరకలేదు.”

“నాకోసం ఇంత పెద్ద కచేరీ వదిలేసుకుంటావా? ఎంత దొంగవే అక్కా!” చెల్లెలు పట్టరాని సంతోషంతో అక్కను ఊపేసింది. కట్టు ముడి విప్పి, చుట్లుచుట్లుగా లాగి గాల్లోకి విసిరింది. వాపు లేదు, గాటు లేదు. ఎప్పటి అందమైన చెయ్యే. “పదకొండు ఊళ్లూ నాకొద్దు. చెరి సగం. సరేనా? రా, ముందు నాతో ఒకటి వాయించు.”

గది మూలనున్న పాత పియానో మూత తెరిచి, అక్కను బలవంతంగా కూర్చోబెట్టింది.

“ఇప్పుడొద్దే.”

“ఇప్పుడే! మన చిన్నప్పటిది. నువ్వు మొదలుపెట్టు.”

అక్క నవ్వుతూ, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి మెట్ల మీద పెట్టింది. చెల్లెలు కాలితో తాళం వేస్తూ ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది.

అక్క వేళ్లు కదల్లేదు.