వెనక ఉన్నవాళ్ళు

"పోయినేడు తొంభై రెండు! ఇప్పుడు యాభై ఎనిమిదా? ఇది బడా, బందెలదొడ్డా?"

లిఫ్టు మెకానిక్కు స్కోరు రిపోర్టును టీచరు బల్ల మీద ఫట్‌మని కొట్టాడు. పని మధ్యలో వదిలేసి, జేబులో స్పానరుతోనే వచ్చాడు. కూతురు చిట్టి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ముందు కూర్చోండి," అంది టీచరు.

"కూర్చోడానికి రాలేదు. టీసీ ఇచ్చెయ్యండి, వేరే బడి చూసుకుంటా. ఫీజు కట్టేటప్పుడు అందరూ నవ్వుతారు, పిల్ల మునిగిపోతుంటే ఒక్కరూ చూడరు!" అంటూనే కూతురి మీదికి తిరిగాడు. "ఆ చేతులేంటే, నిండా సుద్దపొడి? బడి వదలగానే ఇంటికి రావే అంటే ఆ వెనక బెంచీల మందతో ఆటలు! ఇవాళ్టితో సరి!"

"అది కాదు నాన్నా..."

"నోర్ముయ్!"

పిల్లల నోరు మూయించడం పెద్దవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది. పిల్లల రిపోర్టు చదవడం మాత్రం ఎవరో నేర్పాలి.

"అరవడం అయిపోయిందా?" టీచరుకీ మండింది. "మీరు చూసింది మార్కులు కాదు. క్లాసులో నూటికి ఎంతమంది తనకంటే వెనక ఉన్నారన్న లెక్క. మార్కులు కింద వేశారు, కళ్ళు పెట్టి చూడండి. పోయినేడూ యాభైకి నలభై ఒకటే, ఈ ఏడూ నలభై ఒకటే."

అతను చూశాడు. నిజమే.

"మరి కిందికెలా పడింది?"

"పడలేదు. లిఫ్టుల పని మీకు తెలిసిందేగా? మీ అమ్మాయి ఉన్న అంతస్తులోనే ఉంది. కింద ఉన్నవాళ్ళు పైకొచ్చేశారు. వెనక బెంచీలు వెనక బెంచీలే లేచొచ్చాయి."

మెకానిక్కు ఒక్క క్షణం చల్లబడ్డాడు. మరుక్షణం రెట్టింపు రాజుకున్నాడు.

"అంటే వాళ్ళకెవరో చాటుగా ట్యూషన్ చెప్తున్నారన్నమాట!"

"చాటుగా ఏం కాదు. బడి వదిలాక, ఈ గదిలోనే."

"ఎంత గుంజుతున్నారేంటి?"

"పైసా తీసుకోరు."

"ఊరికే చెప్తూ కూడా నా బిడ్డని ముంచేశారా! ఎంత పొగరు! ఎవరో చూపించండి మేడం. ఇప్పుడే, ఇక్కడే నిలదీస్తా!"

"నిలదీయండి," అంది టీచరు. "మీ వెనకే, తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటోంది."