ఏం చేస్తే మానేస్తుంది?

“రాసుకునే పిల్ల, ఏం చేస్తే రాయడం మానేస్తుందండీ?”

టీచరమ్మ చేతిలోని టీ కప్పు పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది. సెలవురోజుల్లో గ్రంథాలయం మేడమీద గదిలో కథలు రాయడం నేర్పుతుందావిడ. తన ఇంటికి వచ్చే తల్లులంతా మా పిల్ల కథ ఎప్పుడు అచ్చవుతుందని అడిగేవాళ్లే. ఇలా అడిగిన తల్లి ఈమే మొదలు.

వచ్చినామె కుర్చీ అంచున కూర్చుంది, వెనక్కి వాలితే విరుగుతుందేమోనని. నెత్తిమీది పుస్తకాల అర ఊడి పడుతుందేమోనని మధ్యమధ్య తల ఎత్తి చూస్తోంది. ఆమె తీరే అంత. కుక్కర్ కొనడానికి వెళ్లి, అది ఎలా పేలుతుందని అడిగి కొట్టువాణ్ణి హడలగొట్టిన మనిషి. ఇంట్లో ఏ గది తలుపూ మూయనివ్వదు. బిగుసుకుపోతే లోపలున్నవాళ్ల గతేమిటని బెంగ.

“మీ అమ్మాయంటే, కిటికీ పక్కన కూర్చునే పిల్లేనా?”

“ఆ పిల్లేనండీ.”

“సరుకున్న పిల్లమ్మా.”

“అదేనండీ నా భయం,” అంది తల్లి. “పాట నేర్చుకుంది, మానేసింది. బొమ్మలు వేసింది, అవీ మానేసింది. ఇదొక్కటే ఇంకా మానలేదు.”

“అవెలా మానేసింది?”

“అది తెలిస్తే మీ దాకా ఎందుకు వస్తానండీ?”

టీచరమ్మ కప్పు కింద పెట్టింది. కాస్త గట్టిగానే.

“రాతలు కూడు పెట్టవనా మీ దిగులు?”

“అది కాదండీ...”

“వద్దులెండి, ఏదో ఒకటి. అడిగారుగా, చెబుతాను. శ్రద్ధగా వినండి.”

“చెప్పండి. నాకు రాసుకోవడం పెద్దగా రాదు. విన్నదైతే మరిచిపోను.” తల్లి ఎడమచెయ్యి ఒళ్లో చాపి, కుడిచేత్తో చిటికెన వేలు పట్టుకుంది.

“ఆ పిల్ల రాయడానికి కూర్చోగానే పిలవండి. పొయ్యి చూడమనో, తలుపెవరో కొడుతున్నారనో. సగంలో లేచిపోయిన మాట మళ్లీ దొరకదు.”

చిటికెన వేలు ముడుచుకుంది. “ఒక్కసారి పిలిచినా పోతుందా?”

“ఒక్కసారికి పోదు. రోజూ ఒకే వేళకు కూర్చోవడమే రాసేవాళ్ల బలం. రోజూ సరిగ్గా ఆ వేళకే ఏదో పని పెట్టండి. పోక ఎక్కడికి పోతుంది?”

“ఇంకా?”

“రాసింది రాసినట్టే లాక్కుని చదవండి. మొదటిసారి రాసింది ఎవరిదైనా చెత్తగానే ఉంటుంది, నాదైనా సరే. పక్కన పడేసి, నాలుగు రోజులాగి, పైకి చదువుకుని, తిరగరాస్తేనే అది కథయ్యేది. అంతదాకా రానివ్వకండి. పచ్చిగా ఉన్నప్పుడే, ఇదేం కథే అని నవ్వండి.”

“నవ్వకుండా, బావుందంటే?”

“చదవకుండా బావుందంటే అది ఇంకా త్వరగా పనిచేస్తుంది. పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.”

మరో వేలు ముడుచుకుంది.

“చుట్టాలొచ్చినప్పుడు, ఏదీ, పిన్నికో కథ వినిపించు అని నలుగురిలో నిలబెట్టండి. పత్రికకు పంపిన కథ తిరిగొస్తే ఇంటిల్లిపాదికీ చాటండి. కథలు తిరిగి రాని రచయిత ఈ భూమ్మీద లేడని మాత్రం దానికి తెలియనివ్వకండి. తెలిసిందా, ఇంకోటి రాసి పంపుతుంది.”

తల్లి మొహం పాలిపోయింది. అయినా వదల్లేదు. “వీటన్నిటిలో బాగా ఖాయమైనదేదండీ? అది ఒక్కటి జరిగితే ఇక అంతే అన్నట్టు?”

టీచరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఆవిడకు కోపం పోయి ఏదో జాలిలాంటిది కలిగింది, తల్లిమీద కాదు.

“మొన్న మీ అమ్మాయి తను రాసి చదివిన కథలో ఒక తల్లి ఉంది. ఊరెళ్తూ గేటు దాకా పోయి, తాళం పడిందో లేదోనని మాటిమాటికీ వెనక్కి వచ్చి లాగి చూస్తుంది. క్లాసంతా నవ్వింది. చివరికొచ్చేసరికి ఒక్కరూ నవ్వలేదు. మీరు ఆ కథ తీసుకుని, ఇందులో అమ్మ నేనేనా అని అడగండి. చాలు. ఆ రోజు నుంచి ఎవరికీ నొప్పి కలగకుండా రాయడం మొదలుపెడుతుంది. అలా కొన్నాళ్లు రాసి, తనంతట తనే మానేస్తుంది.”

తల్లి మిగిలిన వేళ్లూ ముడిచేసింది. తర్వాత పిడికిలి విప్పకుండానే లేచింది.

“మీ మేలు మరిచిపోనండీ.”

“మరిచిపోతేనే మేలు,” అంది టీచరమ్మ మొహం తిప్పుకుని.

తల్లి వీధి తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. మళ్లీ ఎక్కి వచ్చి, సరిగ్గా పడిందో లేదో లాగి చూసింది.

ఆమె ఇంటికి చేరేసరికి భర్త ముందుగదిలో పేపరు మడతపెడుతున్నాడు. లోపలిగదిలో కూతురు బల్లమీదికి వంగి రాసుకుంటోంది.

“ఎక్కడికెళ్లావ్ ఇంతసేపు?” అన్నాడాయన. ఆమె జవాబు చెప్పేలోపే లోపలికి కేకేశాడు. “అమ్మాయ్, నా కళ్లజోడు ఎక్కడుందో చూడు.”

కళ్లజోడు ఆయన నుదుటిమీదే ఉంది.

తల్లి గబగబా కూతురి గదిలోకి వెళ్లింది. బల్ల చివర పాత కథ కాగితాలున్నాయి. ‘గేటు దగ్గర అమ్మ మళ్లీ ఆగింది’ అన్న వాక్యం ఆమె కంటబడింది. ఆమె పెదవులు కదిలాయి.

“ఏంటమ్మా?” అంది కూతురు తలెత్తి, ఆ కాగితాలమీద చెయ్యి అడ్డం పెడుతూ.

“మీ నాన్న సంగతి నేను చూస్తాలే.”

బయటికి వచ్చి ఆ గది తలుపు మూసేసింది. ఆయన వింతగా చూశాడు.

“ఆ కథల టీచరమ్మ దగ్గరకెళ్లాను,” అందామె గొంతు తగ్గించి. “ఏమేం చేస్తే ఇది రాయడం మానేస్తుందో అన్నీ అడిగి తెలుసుకున్నాను.”

“హమ్మయ్య, ఓ పనైపోయింది. మరి దేంతో మొదలుపెడదాం?”

ఆమె పిడికిలి విప్పి, ముడిచిన వేళ్లను ఒక్కొక్కటే ఆయన కళ్లముందు చాపింది.

“వీటిలో ఒక్కటీ ఈ ఇంట్లో జరగకూడదు.”