జనవరి మూడు

హెలెన్ సర్వీసు చేసింది. బంతి అవతలి కోర్టులో పడి ప్రహరీ గోడ దాకా దొర్లింది. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

పీఈటీ శేషగిరిరావు విజిల్ ఊదడం మరిచిపోయి చేతిలోని ఫారం చూస్తున్నాడు. హెలెన్. ఎనిమిదో తరగతి. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. పుట్టిన తేదీ: జనవరి మూడు.

ఆ తేదీయే ఆయనకు మింగుడు పడలేదు.

పద్నాలుగేళ్లలోపు బాలికల వాలీబాల్ ఎంపిక శనివారం బాపట్లలో. హద్దుగా పెట్టిన పుట్టిన సంవత్సరంలో జనవరి ఒకటికి ముందు పుట్టినవాళ్లు పనికిరారు. ఎంపికయ్యే పిల్లల్లో సగం మందికి పైగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టినవాళ్లే ఉంటారని ఆయన పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాడు. ఒకే ఏడాది పిల్లల్లో ముందు పుట్టినవాళ్లు కాస్త ఎత్తుగా ఉంటారు. ఎత్తుగా ఉన్నవాళ్లకే బంతి అందుతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ హద్దుకు రెండు రోజులు ఇవతల పుట్టిన పిల్ల, లెక్కల టీచరు కంటే పొడుగ్గా ఉంటే? కాగితం దిద్దేవాళ్లు ఎంచుకునే తేదీలు కూడా సరిగ్గా అలాగే ఉంటాయి.

మూడేళ్ల క్రితం ఇద్దరు పిల్లల వయసు దొంగదని తేలి ఆయనకు మెమో వచ్చింది. మళ్లీ జరిగితే సస్పెన్షనే.

గేటు దగ్గర నరసింహం కాచుకుని ఉన్నాడు. ఆయనకు తెనాలిలో మందుల షాపు ఉంది. కూతురు అనుపమ జట్టులో పదమూడో అమ్మాయి. తీసుకెళ్లేది పన్నెండు మందినే.

“మాస్టారూ, మా అమ్మాయిది డిసెంబరు పుట్టుక. ఆ పిల్లది జనవరంట. ఇద్దరూ ఒకే సంవత్సరమంట. పక్కపక్కన నిలబెట్టి చూడండి, తల్లీబిడ్డల్లా ఉన్నారు.”

“ఎదుగుదల అందరికీ ఒకేలా ఉండదండి.”

“మరీ ఇంత తేడానా? మేం కాల్షియం బిళ్లలు మింగిస్తున్నాం, అంగుళం కదల్లేదు. వాళ్లేం పెడుతున్నారో చెప్పమనండి, షాపులో పెట్టి అమ్ముకుంటాను.”

శేషగిరిరావు నవ్వలేదు.

మర్నాడు ఆటలో బంతి హెలెన్ మొహానికి తగిలింది. కుళాయి దగ్గర నోరు కడుక్కుని వచ్చి, ఊడిన పన్నును నోట్‌బుక్ కాగితంలో జాగ్రత్తగా చుట్టింది.

“ఏంటే, దాచుకుంటావా?” అన్నాడు.

“ఇంటి కప్పు మీద వెయ్యాలి సార్.”

పిల్లలు గొల్లున నవ్వారు. ఇంత పిల్ల పసిదానిలా నటిస్తోందంటే, ఎవరో నేర్పి పంపుతున్నారని ఆయనకు అనిపించింది.

“నీ పుట్టినరోజు ఎప్పుడమ్మా?”

“కాగితంలో ఉంది కద సార్.”

“కాగితాన్ని కాదు, నిన్నడుగుతున్నా.”

“జనవరి మూడు సార్.” పాఠం అప్పజెప్పినట్టు అంది.

“ఈసారి క్లాసులో చాక్లెట్లు పంచావా?”

“లేదు సార్. ఆ రోజు మా అమ్మకి బాగోదు.”

ప్రతి ఏడూ అదే రోజు బాగోదట.

ఆ సాయంత్రం ఆయన హెలెన్ వాళ్ల ఊరు కొలకలూరు వెళ్లాడు. ఆ పిల్ల తల్లి ప్రమీల అప్పుడే చేలో కలుపు తీసి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. గబగబా కుర్చీ తుడిచి వేసింది.

“బర్త్ సర్టిఫికెట్టు ఒక్కటే చాలదమ్మా. బాప్తిస్మం కాగితం కూడా కావాలి. ఏ గుడిలో ఇప్పించారు?”

“రేపల్లెలోనండి. మా పుట్టిల్లు.”

“రేపు పొద్దున్నే రైలెక్కి వెళ్లి తీసుకురా. ఎంత దూరమని?”

ఆమె చేతిలోని చెంబు కింద పెట్టింది. “ఆ గుడికి నేను పోలేనండి.”

“ఎందుకని?”

ఆమె చెంగుతో తడి చేతులు తుడుచుకుంది.

“పోనీ, నేనే వెళ్లి పాస్టరు అయ్యగారిని అడగనా?”

“వద్దండి.” ఆమె గొంతు తగ్గింది. “దాన్ని ఆడనివ్వండి సార్. నెగ్గితే ఆటల హాస్టల్లో సీటిస్తారంట. అక్కడైనా మూడు పూటలా తింటది. నా కూలితో దాని కడుపు నిండట్లేదండి.”

తిరుగు బస్సులో ఆయనకు అనుమానం మిగల్లేదు. రుజువొక్కటే మిగిలింది.

శనివారం బాపట్ల మైదానంలో పది గంటలకల్లా జాబితాలు ఇచ్చెయ్యమన్నారు. వయసులు నిజమేనని కింద మాస్టర్లు సంతకం పెట్టాలి. కూలి మానుకుని ప్రమీల కూడా వచ్చింది. శేషగిరిరావు ఆమెను పక్కకు పిలిచాడు.

“ఇది అబద్ధమని తేలితే నా ఉద్యోగం పోతుంది. నీ కూతుర్ని మూడేళ్లు ఏ మైదానంలోకీ రానివ్వరు. మీ దేవుడి మీద ఒట్టేసి చెప్పు. ఆ తేదీ నిజమేనా?”

“మేం ఒట్లు పెట్టకూడదండి.”

“పెట్టకుండానే చెప్పు.”

ప్రమీల కోర్టు వైపు చూసింది. హెలెన్ మోకాళ్లకు పట్టీలు బిగించుకుంటోంది.

“నిజం కాదండి.”

ఆయన జాబితాలో హెలెన్ పేరు కొట్టేశాడు. అనుపమ పేరు రాశాడు. సంతకం పెట్టి బల్ల దగ్గర ఇచ్చాడు. అక్కడి గుమాస్తా స్టాంపు వేసి, కట్టలో కలిపేశాడు. ఇక మార్పులుండవని మైకులో చెప్పారు.

దూరంగా హెలెన్ పట్టీలు విప్పడం మొదలుపెట్టింది.

తన లెక్క తప్పలేదు. ఆ ఊరటతో శేషగిరిరావు మనసు కాస్త మెత్తబడింది.

“పోనీలే అమ్మా, ఒప్పుకున్నావు. ఇంతకీ ఎన్నేళ్లు తగ్గించావు?”

“తగ్గించలేదండి, బళ్లో అన్నం పెడతారని ముందే వేసేటప్పుడు రెండేళ్లు పెంచాను, ఆ కాగితం, ఆ తేదీ దీని అక్కవి, అది పోయాక పుట్టిందని దీనికీ ఆ పేరే పెట్టుకున్నాం.”