నాలుగడుగులు వెనక్కి

“కొట్టకు నాన్నా!” అంది లినియా.

ఎమెట్ చేతిలోని, పశువుల్ని షాకిచ్చి తోలే కరెంటు కర్ర కోడె ముఖం ముందే ఆగిపోయింది. లారీలోకి ఎక్కించే ఇరుకు దారిలో, కోడె వెనకభాగానికీ మూసిన గేటుకీ మధ్య ఎమెట్ తమ్ముడు వెర్న్ ఇరుక్కుపోయాడు. ఎమెట్, సాయానికొచ్చిన నేను ముందు నిలబడి అరుస్తున్నకొద్దీ అది ఇంకా వెనక్కి నొక్కుతోంది.

“మీ బాబాయి చచ్చిపోతున్నాడే! కొట్టక, బతిమాలమంటావా?”

“వెనక్కి రా. అంకుల్, మీరు కూడా.”

“ఈ నెబ్రాస్కాలో నలభై ఏళ్లుగా పశువుల్ని తోలుతున్నాను. మాంసం పశువుల పెంపకమంటూ, ఎవరూ వెళ్లమనకపోయినా రెండు రోజులు క్లాసుకెళ్లొచ్చి నాకు నేర్పుతావా?”

“అది కావాలని బాబాయిని నొక్కడం లేదు నాన్నా. నీ నుంచి పారిపోతోంది.”

వెర్న్ పెదవులు నీలమవుతున్నాయి. నేను ఎమెట్ భుజం పట్టి వెనక్కి లాగాను. నాలుగడుగులు వేసి, దారి పక్కనున్న పలకల గోడ చాటుకు చేరాం. అరుపులు ఆపేశాం.

కోడె చెవులు కదిలాయి. ఎదురుగా దారి ఖాళీగా ఉంది. ఒక అడుగు వేసింది, మరొకటి వేసింది, తనంతట తానే లారీ ఎక్కేసింది.

వెర్న్ గేటు పట్టుకుని కిందికి జారాడు. అతను గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు నాకు హాయిగా వినిపించింది. లినియా అతని పక్కటెముకలు తడిమి చూసింది.

“ఏమీ విరగలేదు బాబాయ్.”

“నీ క్లాసులో బక్కోళ్లని గేటు దగ్గర పెట్టొద్దని చెప్పలేదా?” అన్నాడు వెర్న్ దగ్గుతూ.

ఎమెట్ నవ్వలేదు. లోపల ఇంకా పదకొండు కోడెలున్నాయి. కరెంటు కర్ర నా చేతికిచ్చి, కూతురి దగ్గరికి వెళ్లాడు.

“తర్వాతిదాన్ని నువ్వు తోలు. నేనెక్కడ నిలబడాలో చెప్పు.”