పొట్టి స్కీలు

"ఇవి స్కీలా, పిల్లకాయలాడుకునే బొమ్మలా? నేను తొడగను గాక తొడగను!" క్విరిన్ తన చేతిలో పెట్టిన కొత్త స్కీల జతని మంచులోకి విసిరేశాడు.

"మీ ఇష్టం," అన్నాడు గెర్నోట్. టిరోల్ కొండల్లో ఉన్న ఆ స్కీ బడిని ఈ మధ్యనే కొన్న కుర్ర యజమాని అతను. "యాభై దాటినవాళ్ళలో ఈ చలికాలం ఒక్కరినే పెట్టుకుంటాను. మీరూ, వెండెలిన్ గారూ మిగిలారు. లోకమంతా పొట్టి స్కీలకి మారిపోయింది. శనివారం పొద్దున వీటిమీద కొండ దిగి చూపించండి. ఎవరికి అలవాటైతే వాళ్ళకే ఎర్రకోటు."

వెండెలిన్ తన జత భుజాన వేసుకుని కదిలాడు. ముప్ఫై రెండు చలికాలాలు ఎర్రకోటు తొడిగి పాఠాలు చెప్పినవాడు. ఆ కోటు లేకపోతే ఆ ఊళ్ళో అతనూ ఓ ముసలాడు, అంతే.

"ఏ ఎండకా గొడుగు పట్టేవాడివి, పట్టు నాయనా!" వెనకనుంచి అరిచాడు క్విరిన్.

"మొండికి పోతే మొదటికే మోసంరా," అన్నాడు వెండెలిన్ వెనక్కి తిరక్కుండా.

మర్నాడు వ్రోని అతనికి పాఠం మొదలుపెట్టింది. నాలుగేళ్ళప్పుడు ముక్కు చీదడం కూడా రాని ఆ పిల్లని స్కీలమీద నిలబెట్టింది వెండెలినే. ఇప్పుడు ఆ బడిలో అందరికంటే చురుకైన పంతులమ్మ.

"కాళ్ళు ఎడంగా పెట్టండి మాస్టారూ."

"దగ్గరగా పెట్టమని నీకు చెప్పింది నేనే కదే!"

"అవి పాత స్కీలు. ఇవి వేరు. నడుం ఊపొద్దు. పక్కకి ఒరగండి చాలు, అవే తిరుగుతాయి."

ఒరిగాడు. అవే తిరిగాయి. కానీ కాళ్ళు పాత అలవాటుకొద్దీ దగ్గరికొచ్చి, ఒక స్కీ ఇంకోదానిమీదెక్కింది. బొక్కబోర్లా పడ్డాడు. ఆ పూట అలా తొమ్మిదిసార్లు. చిన్నపిల్లల వాలులో కొత్తగా చేరిన బుడతలు కూడా ఆగి చూశారు.

"తాతా, పిజ్జా ముక్క! ముందర కలిపి, వెనక ఎడంగా పెట్టు, ఆగిపోతావు!" అని కేకేసింది ఒక డచ్చి పిల్ల. ఆ మాట చెప్పి కొన్ని వందలమంది పిల్లలకి ఆగడం నేర్పాడు వెండెలిన్. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పైనించి క్విరిన్ వచ్చాడు. రెండు మీటర్ల పాత స్కీలు, కాళ్ళు అతికించినట్టు, నడుం ఊపుకుంటూ, పాట పాడుకుంటూ. "ఏరా, ఇంకా నడక రాలేదా? ఎత్తుకోనా?" అని వెక్కిరించి పోయాడు. హోటలు అరుగుమీద కూర్చున్న అతిథులు పగలబడి నవ్వారు. ఎవర్ని చూసి నవ్వారో వెండెలిన్‌కి అడగబుద్ధి కాలేదు.

"మానెయ్యకూడదూ? ఈ వయసులో ఎందుకొచ్చిన తిప్పలు?" అంది ఆ సాయంత్రం భార్య, మోకాలికి మందు రాస్తూ.

"మానేసి ఏం చెయ్యను? క్విరిన్‌గాడితో కూర్చుని సారా తాగనా?"

బుధవారానికి పడడం తగ్గింది. గురువారం వ్రోని అతని మోకాళ్ళమధ్య తన చేతి తొడుగు ఇరికించి, "ఇది కింద పడేలా దిగండి. పడకపోతే కాళ్ళు మళ్ళీ కలిపేస్తున్నట్టే," అంది. ముప్ఫై ఏళ్ళపాటు ఆ తొడుగు పడకుండా దిగమని పిల్లల్ని చావగొట్టినవాడు, మొదటి మలుపులోనే అది పడేదాకా నలభైసార్లు దిగాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఏమైందో ఏమో, స్కీలు అతని మాట వినడం మొదలుపెట్టాయి. అతను దిగిన దారిలో మంచుమీద సన్నటి రెండు గీతలు తప్ప ఏమీ మిగల్లేదు. సరదాకి పాత పద్ధతిలో దిగి చూద్దామని కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఉహూఁ.

"ఇంక మీరు కోరుకున్నా అలా దిగలేరు మాస్టారూ!" వ్రోని చప్పట్లు కొట్టింది.

"పీడా పోయింది!" అన్నాడు వెండెలిన్. ఆ రోజు కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాడు.

శనివారం పొద్దున గెర్నోట్ కింద నిలబడి చూస్తున్నాడు. క్విరిన్ జాడ లేదు. వెండెలిన్ దిగాడు. ఒక్క తప్పటడుగు లేదు, ఒక్క తడబాటు లేదు. పాతికేళ్ళవాడిలా ఒరిగి, లేచి, ఒరిగి, సరిగ్గా గెర్నోట్ ముందుకొచ్చి ఆగాడు. ఇంత ఆనందం అతనికి పెళ్ళినాడు కూడా లేదు.

"శభాష్! అచ్చం మా కుర్రాళ్ళలాగే దిగారు," అన్నాడు గెర్నోట్, అతని చెయ్యి పట్టుకుని ఊపుతూ.

"అయితే కోటు?"

గెర్నోట్ ఆ చెయ్యి వదిలేసి చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"ఏమనుకోకండి వెండెలిన్ గారూ. ఇలా దిగే కుర్రాళ్ళు నా దగ్గర ముప్ఫైమంది ఉన్నారు. వారంనుంచీ అతిథులంతా ఆ పాతకాలపు ముసలాయన పాఠాలే కావాలని నా ప్రాణం తీస్తున్నారు. పొద్దున్నే వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి ఆ కోటు క్విరిన్ గారికి తొడిగొచ్చాను."