చరణం తర్వాత ఊపిరి

స్టూడియోలో అందరూ వెళ్లిపోయాక సౌండ్ ఇంజనీరు ఒక్కతే మిగిలింది. కొత్తగా తెప్పించిన పెద్ద హెడ్‌ఫోన్సు మేలా, చెవి లోపల బిగించుకునే ఇయర్‌ఫోన్సు మేలా తేల్చాలి. పరీక్షకు అక్క పాట పెట్టుకుంది. ఒంటరిగా ఉండే అక్క, పడకగది తలుపు గడియ పెట్టుకుని నిన్న రాత్రే పాడి పంపిన పాట అది.

హెడ్‌ఫోన్సులో పాట విశాలంగా, పెద్ద హాల్లో కూర్చుని విన్నట్టు ఉంది. ఇయర్‌ఫోన్సు పెట్టుకోగానే బయటి లోకం మూసుకుపోయింది. అక్క గొంతు తన తలలోనే పలికింది. చరణం అయ్యాక అక్క ఊపిరి పీల్చుకుంది. ఆ వెనకే ఇంకెవరో నెమ్మదిగా ఊపిరి వదిలారు.

వెనక్కి జరిపి మళ్లీ విన్నది. అదే ఊపిరి. హెడ్‌ఫోన్సులో ఎంత వెతికినా దొరకలేదు. ఇయర్‌ఫోన్సు తీయకుండానే అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, నిన్న పాడినప్పుడు గదిలో ఎవరున్నారు?"

"ఎవరుంటారే? నేనూ, నా గొంతూ. నిద్ర చెడగొట్టి అడగాల్సిన ప్రశ్నేనా ఇది?" అక్క ఆవులించింది.

ఆవులింత ఆగిన చోట అదే ఊపిరి. ఈసారి మరీ దగ్గరగా.

"అక్కా, నా మాట విను. చప్పుడు చేయకుండా లేచి బయటికి వచ్చెయ్."

"ఏమైందే నీకు? గొంతు వణుకుతోంది. ఉండు, లైటు వేస్తాను."

మంచం కిర్రుమంది. అక్క ఊపిరి వినిపిస్తూనే ఉంది. రెండోది మాత్రం ఆగిపోయింది, ఎవరో బిగబట్టినట్టు.