ముడి కాదు, అతుకు

అన్యాయం ఎవరికి జరిగింది? యల్లక్కకు.

ఏమి జరిగింది? 1994లో ధర్మవరం చెరువు గట్టున ఆమె భర్త వెంకటేశులును పట్టపగలు కొడవలితో నరికి చంపారు. చూశానని చెప్పిన మనిషి లేడు. సాక్షి లేని కేసు మూలపడింది.

శవం దొరికింది. అతని చేతిలో ఎప్పుడూ ఉండే గాలపు కర్ర మాత్రం దొరకలేదు.

ఆ కర్ర ఎత్తుకుపోయినవాడే హంతకుడని యల్లక్క నమ్మింది. కొడుకు మురళికి సంగటి ముద్దతో పాటు ఆ నమ్మకాన్నీ తినిపించి పెంచింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. మురళి ఇప్పుడు అదే చెరువుకు కాపలాదారు. డబ్బు కట్టి చెరువు చేపలు పట్టుకునే గుత్త మొదటినుంచీ గంగాధరది. తండ్రి లేని పిల్లవాడని పిలిచి పని ఇచ్చింది ఆయనే.

ఒక మధ్యాహ్నం, హిందూపురం రైలు దిగిన అపరిచితుడొకడు గట్టు మీద కూర్చుని వెదురు కర్రను పైపంచెతో తుడుస్తున్నాడు.

"ఏమప్పా, ఎవర్నడిగి గాలమేస్తాండావు?" మురళి గద్దించాడు.

"యాడేసినానబ్బా? దుమ్ము తుడుస్తాండా. యల్లక్క ఇల్లు యాడుండాదో చెప్తావా?"

"మా యమ్మతో నీకేం పని?"

అతడు చటుక్కున లేచి నిలబడ్డాడు. "నువ్వు మురళివా?"

అంతలో, పెనుకొండకు చేపల లోడు పంపి వస్తున్న గంగాధర మోటారు సైకిలు వాళ్ల పక్కన ఆగింది. ఆ మనిషిని చూసి, గంగాధర క్షణకాలం బండి దిగడం మరిచాడు. తరువాత వచ్చి కర్ర లాక్కున్నాడు.

"దారం చూడు మురళీ. లోకంలో అందరూ తంగూసుకు ముడేస్తారు. లేకుంటే ఉచ్చులో ఉచ్చు దూరుస్తారు. ఇట్ల చుట్టేవాడు ఈ ఊర్లో ఒక్కడే కదా ఉండె?"

మురళి వంగి ఆ చుట్టు చూశాడు.

వెంకటేశులు నేతగాడు. మగ్గం కింద మిగిలిన పట్టుపోగులు పేని లావుపాటి దారం చేసేవాడు. దాని కొసకు చేప కంటికి ఆనని సన్నని నైలాన్ తంగూసు. తంగూసు కొసన, ఎరకు బదులు కోడి ఈక కట్టిన కొక్కెం. లావు దారానికీ తంగూసుకూ అతడు ఏనాడూ ముడి వేయలేదు. ముడి కర్ర కొసనున్న రింగులో తట్టుకుంటుంది. పెద్ద చేప గుంజితే అక్కడే తెగుతుంది. అందుకని రెండు కొసలనూ ఆనించి, పట్టుపోగుతో వరసగా బిగించి చుట్టి, మైనం రాసేవాడు. పాత పడుగుకు కొత్త పడుగు అతికినంత నున్నగా ఉండేది.

కొడుకుకు సద్ది తెచ్చిన యల్లక్క గట్టెక్కింది. గిన్నె కింద పెట్టి, ఆ చుట్టు మీద బొటనవేలు నడిపింది.

"ఇది నా మగని అతుకు," అంది.

"మా నాయన కర్ర నీ చేతికెట్లొచ్చెరా?" మురళి అతని చొక్కా పట్టి కింద పడేశాడు.

"అక్కా, ఆ పొద్దు నేను ఈడనే..."

గంగాధర చెప్పుకాలు అతని నోటి మీద పడింది. తరువాతి మాట నెత్తురుతో కలిసి గొంతులోకి జారిపోయింది.

"ఈడనే ఉండాడంట! వాడే ఒప్పుకున్నాక ఇంకేం చూస్తావబ్బా? నువ్వు మగోనివేనా?"

మురళి తల్లి వైపు చూశాడు.

"కొట్టు," అంది యల్లక్క.

కాపలా కర్ర విరిగేదాకా కొట్టాడు. విరిగాక రాయి తీసుకున్నాడు. అపరిచితుడు చెయ్యెత్తలేదు. పక్కన పడి ఉన్న వెదురు కర్ర మీదికి పొర్లి, దాన్ని మాత్రం దెబ్బలనుంచి కాపాడుకున్నాడు. పక్కటెముకలు విరిగిన చప్పుడు యల్లక్క విన్నది. కళ్లు తిప్పుకోలేదు.

రేవులో బట్టలు ఉతికేవాళ్లు కేకలు పెడుతూ వచ్చి, అతణ్ణి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. అప్పటికే గంగాధర బండి కనుమరుగైంది.

మరణ వాంగ్మూలం తీసుకోవడానికి జడ్జిగారు వచ్చారు.

"నీ పేరు?"

"దేవదాసు సార్. మాది అగళి."

"నిన్నెవరు కొట్టారు?"

"ఎవురూ కొట్టలేదు సార్. గట్టు రాళ్ల మీంద జారి పడినా."

తలుపు తోసుకుని యల్లక్క లోపలికి వచ్చింది.

"అబద్ధం సార్. కొట్టింది నా కొడుకు. కొట్టమనింది నేను. నా మగని చంపినోడు వీడు. రాసుకోండి. జైలుకు పొమ్మంటే తలెత్తుకోనే పోతాము."

జడ్జిగారు మంచం మీదికి వంగారు. "ఈమె చెప్పేది నిజమేనా?"

దేవదాసు ఊపిరి కూడదీసుకున్నాడు.

"నరికింది గంగాధర సార్. కూలికొచ్చినోన్ని, ఆకలికి ఒక చేప పట్టినానని నా మీందికే కొడవలెత్తె. ఈ యక్క మగడు నన్ను వెనక్కి నూకి అడ్డం నిలిచె. అప్పుడే నాకు అతుకు నేర్పిస్తాండె. కర్ర నా చేతిలోనే ఉండె, అట్లే పారిపోయినా. ఇన్నేండ్లూ భయంతో నోరు మూసుకున్నా. ఇప్పుడు కోర్టులో చెప్పల్లనే వచ్చినా."

తల కొంచెం పక్కకు తిప్పాడు.

"అక్కా, కర్ర భద్రం. అతుకు ఇంకా గట్టిగానే ఉండాది."

జడ్జిగారు రాసినదంతా చదివి వినిపించారు. దేవదాసు వేలిముద్ర వేశాడు.

బయట, బేడీలు పడిన మురళిని ఎక్కించుకుని పోలీసు జీపు గంగాధర ఇంటివైపు కదిలింది.

లోపల, యల్లక్క ఇన్నేళ్లూ దేవుణ్ణి అడిగిన ఆ ఒక్కగానొక్క సాక్షి, వెంకటేశులు అడ్డం నిలిచి దక్కించిన ప్రాణాన్ని వెంకటేశులుకే చెల్లించి, ఆమె ఎదుటే కన్నుమూశాడు.